మూడో షెడ్డులో వదులయ్యే బోల్టులు

నది ఒడ్డున పడవల షెడ్లు నాలుగుంటే, చీకటి పడ్డాక మూడోదాని ముందు ఎవరూ నిలబడేవాళ్లు కాదు. అందులో చెడిపోయి పడి ఉన్న జెట్ బోటుకి సాయంత్రం బిగించిన ఇంజను బోల్టులు తెల్లారేసరికి వదులైపోయేవి... తాళం వేసింది వేసినట్టే ఉండేది. నేల మీద మాత్రం తడి బూట్ల గుర్తులు, నీళ్ల వైపు నుంచి లోపలికి.

బయటికి వెళ్లిన గుర్తులు ఉండేవి కావు.

ఇద్దరు మెకానిక్‌లు పని సగంలో వదిలేసి పోయారు. మూడో మెకానిక్ మా పక్కింటాయనే. మా పిల్లలు బోల్టు మామయ్య అంటారు. ఈమధ్య బడివాళ్లు బోటు షికారుకి అనుమతి కాగితం పంపితే, సంతకం పెట్టే ముందు ఆ బోట్ల సంగతి ఆయన్ని అడిగాను. ఆయన చెప్పిందే చెబుతున్నాను, నేనేమీ కలపలేదు.

అప్పటికి రెండేళ్లుగా బోటు అలాగే పడి ఉంది. దాని డ్రైవరు రాళ్ల మలుపు దగ్గర పోయాడు. జెట్ బోటుకి చుక్కాని ఉండదు. వెనక్కి చిమ్మే నీళ్లతోనే మలుపు తిరుగుతుంది. ఇంజను ఆగిందంటే — ఎటు పోవాలో ఇక నదే చెబుతుంది.

"నూనె చూసుకోకుండా నడిపాడు" అన్నాడు ఓనరు. విచారణకి వచ్చినవాళ్లు అదే రాసుకుని వెళ్లిపోయారు.

ఆ డ్రైవరు భార్యకి షెడ్లు ఊడ్చే పని ఇచ్చాడు ఓనరు. వచ్చినవాళ్లందరికీ ఆమెని చూపించేవాడు. "మొగుడు నా బోటు ముంచాడు. అయినా తిండి పెడుతున్నా. నాది మరీ మెత్తని గుండె."

ఆమె తల ఎత్తేది కాదు.

బోల్టు మామయ్యని పిలిపించి ఓనరు అడిగింది ఒకటే: రిపేరా, కొత్త ఇంజనా?

"బడి పిల్లల బుకింగు వచ్చింది. రేపు పొద్దున్నకల్లా తేల్చవయ్యా. రిపేరే అను. ముసలి బోటుకి కొత్త పళ్లెందుకు?"

మామయ్య దెయ్యాల్ని నమ్మడు, బోల్టుల్ని నమ్ముతాడు. అన్నీ బిగించి, లైటు తీసేసి, బోటు వెనక నక్కి కూర్చున్నాడు.

నీళ్ల చప్పుడు... ఎక్కడో గొలుసు కిర్రుమంది...

అప్పుడు — బూట్లు. తడి బూట్లు. ఒక్కో అడుగూ తూచి వేస్తున్నట్టు.

పసుపు రెయిన్‌కోటు. ముఖం లేదు, టోపీలో చీకటే ఉంది. వీపు మీద బోటు నంబరు. చనిపోయిన డ్రైవరు వేసుకునే కోటు అది. ఇంజను మీదికి వంగింది. పానా తగిలిన చప్పుడు. ఒక బోల్టు... ఇంకొకటి...

"ఎవరు?" అనబోయాడు మామయ్య. టార్చి తీయబోతే బోటుకి ఠంగున తగిలింది.

ఆకారం ఆగింది. మెల్లగా ఇటు తిరిగింది. గుసగుసగా అంది —

"బిగించకు. ఇందులో పిల్లల్ని ఎక్కిస్తారట."

టార్చి వేశాడు. టోపీ కింద ఉన్నది షెడ్డు ఊడ్చే ఆమె.

"దెయ్యమైనా బాగుండేదమ్మా, గుండె ఒక్కసారే ఆగేది" అన్నాడు. "ఏంటిది?"

"ఆయన కోటూ బూట్లే అన్నా. నీళ్ల వైపు తలుపు కింద దూరి వస్తాను. బూట్లు ఇక్కడే దాచి వట్టి కాళ్లతో పోతాను, పొద్దున ఊడ్చేటప్పుడు పట్టుకుపోతాను. దెయ్యమంటే జడుస్తారు. నేనంటే ఎవరు జడుస్తారు?"

ఇంజను అడుగు వైపు చూపించింది. "ఈ బ్లాకు దిమ్మకి పగులుంది, నూనె అందులోంచే కారిపోతోందని ఆయన ముందే చెప్పాడు. ఓనరు దాన్ని లప్పంతో పూడ్చి, రంగేయించి, ఈ సీజనుకి నడిపెయ్యమన్నాడు. రిపేరు చేస్తే ఇంకెవరి బిడ్డో పోతుంది. కొత్తది పెడితే ఇది పాత ఇనుములో కరిగిపోతుంది, ఆయన మీద పడ్డ నింద ఉండిపోతుంది. అందుకే రెండూ కానివ్వలేదు."

"రెండేళ్లు ఆ ఓనరు తిండి ఎలా తిన్నావమ్మా?"

"తిండికి కాదన్నా. దీనికి కాపలా."

మామయ్య కిందికి దూరి వేలితో తడిమాడు. రంగు కింద ఉబ్బుగా, జానెడు పొడవున, కుట్టు వేసినట్టు...

తెల్లారాక ఓనరుతో చెప్పాడు: "కొత్తదే పెట్టాలి సార్."

ఓనరు తల పట్టుకున్నాడు. "చంపావు కదయ్యా. మరి పాతది?"

"కొత్తది బిగించినవాడు పాతది తీసుకెళ్లడం మా పనిలో రివాజు. కూలీలో తగ్గిస్తాను. ఇంజను నంబరు వేసి, ఇచ్చానని ఒక ముక్క రాసివ్వండి."

తగ్గిస్తాననేసరికి ఓనరు మొహం విప్పారింది. నంబరు చూసి మరీ రాసి, సంతకం పెట్టాడు. "తొందరగా కరిగించెయ్" అన్నాడు.

మామయ్య దాన్ని ఇనుము కొట్టుకి తీసుకెళ్లలేదు. నేరుగా విచారణ ఆఫీసుకి తోలాడు.

ఓనరుని పిలిపించారు. గది మధ్యలో ఇంజను, బల్ల మీద అతని సంతకం. కాదనడానికి లేదు.

"నాదే. అయితే ఏంటి? పగులేదీ? నాకేం కనబడట్లేదు."

మూల బెంచీ మీంచి ఆమె లేచింది. రెండేళ్లలో మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. వచ్చి, అతని చేతిలో ఒక గీకుడు రేకు పెట్టింది.

"మీరు వేయించిన రంగే కదా సారూ. మీరే గీకండి."

అందరూ చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని గీకాడట. పగులు ఈ చివర నుంచి ఆ చివరికి బయటపడ్డాక కూడా, ఆమె మాత్రం చాలనలేదట.