గోడ మీద ఐదుగురు

పళ్ళ డాక్టరమ్మ పన్ను పీకుతుంది. కౌంటర్లో కూర్చునే వాళ్ళ నాన్నగారు ప్రాణం పీకుతారు. మన పెయింటర్‌కి ఆమె మీద ప్రేమ, ఆయనంటే భయం. రెండింటికీ వచ్చే వణుకు మాత్రం ఒకటే.

మనసులో మాట చెప్పేద్దామని నాలుగుసార్లు ఆమె కుర్చీ ఎక్కాడు. నోరు తెరవడమే ఆలస్యం, ఆమె అందులో చిన్న అద్దం పెట్టేసేది. "ఇంకా పెద్దగా తెరవండి" అనేది. అద్దం మింగకుండా ప్రేమ చెప్పడం ఎలాగో అతనికి తెలియలేదు.

చివరికి ఆమే అడిగింది. "వెయిటింగ్ రూమ్ గోడ మీద ఏదైనా కథ వెయ్యండి. పేషెంట్లకి భయం పోవాలి."

ఇంకేం! నోటితో చెప్పుకోలేని గోడు గోడకి చెప్పుకున్నాడు.

పది రోజులకి బొమ్మ పూర్తయింది. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని చూశారు. మధ్యలో తెల్లకోటులో తన కూతురు. పక్కన ఖాళీ కుర్చీ. చుట్టూ అందరూ నీలం చొక్కాలే! గేటు దగ్గర బుగ్గ పట్టుకుని ఒకడు, మెట్ల మీద ఒకడు, బెంచీ మీద ఒకడు, నోరు తెరిచి ఒకడు, వెళ్ళిపోతూ వెనక్కి చూస్తూ ఇంకొకడు.

"ఒక్క పిల్ల చుట్టూ ఐదుగురు కుర్రాళ్ళా? పైగా యూనిఫారం! ఏం, గ్యాంగా?"

"ఒక్కడేనండీ. బొమ్మలో కథ చెప్పాలంటే ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ వేస్తామండీ. ఎడమ నుంచి చూసుకుంటూ వస్తే..."

"ఒక్కడైతే ఒక్కచోటే ఉండాలి. రేపే సున్నం కొట్టించేస్తా!"

పెయింటర్ మొహానికి ఆ సున్నం అప్పుడే పడిపోయింది. గోడ పోతే కథ పోయినట్టే. మళ్ళీ చెప్పుకోవడానికి అతనికి ఇంకో నోరు లేదు.

ఆ కేకలకి డాక్టరమ్మ బయటికొచ్చింది. ఎడమ నుంచి మొదలుపెట్టి, ఎక్స్‌రే చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఒక్కడే నాన్నా. గేటు దగ్గర కుడి బుగ్గ పట్టుకున్నాడు. మెట్ల మీద ఎడమ బుగ్గ. బెంచీ దగ్గరికొచ్చేసరికి పట్టుకోవడమే మర్చిపోయాడు. ఈయనకి ఏ నొప్పీ లేదు. పళ్ళన్నీ బాగున్నాయని మొదటిరోజే కార్డులో రాసుకున్నాను."

పెయింటర్ చెవులు తన డబ్బాల్లో ఎక్కడా లేని ఎరుపుకి తిరిగాయి.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్తే రావడం మానేస్తారుగా!"

నాన్నగారు కూతుర్ని చూశారు. నీలం చొక్కాలో ఉన్న పెయింటర్‌ని చూశారు. బొమ్మలోకి వేలు చూపించారు.

"ఆ కుర్చీ ఖాళీగా ఉందేం?"

"అది... మీరు సరేనంటే ఆరోవాణ్ణి కూర్చోబెడదామనండీ."

నాన్నగారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుని ఆ కుర్చీని చూశారు.

"ఆరోవాణ్ణి వాళ్ళ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని రమ్మను. చొక్కా మార్చుకు రమ్మను!"