మూడో పిలుపు

విజయనగరంలో కోటకు అవతల, ఒక సందు చివర పాత పెంకుటి బంగళా ఒకటుండేది. ఆడపిల్లల హాస్టలు. బంగళాకేం, బాగానే ఉండేది. పెరట్లో నుయ్యి ఉందే... దానికే మంచి పేరు లేదు.

ఆ నూతి మీద తాటిబల్లలు పరిచి, పైన పాత రుబ్బురోలు బోర్లించారు. గిలక మాత్రం తీయకుండా వదిలేశారు. నిక్షేపంలాంటి నూతికి ఈ మూతేమిటండీ అంటే ఎవరూ తిన్నగా చెప్పరు. "అది పిలుస్తాది" అంటారు. ఎవర్ని పిలుస్తుంది అంటే — మాట మార్చేస్తారు.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. నమ్మకపోతే మీ ఇష్టం.

అరవై ఎనిమిదిలో, జూన్ నెలాఖరున, నరసింగరావు అనే రైతు ఆమదాలవలసలో పాసింజరెక్కి కూతురు పద్మకుమారితో విజయనగరంలో దిగాడు. వాళ్ల ఊళ్లో ఎస్సెల్సీ గట్టెక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. పి.యు.సి.లో సీటొచ్చింది. కానీ హాస్టల్లో ఉంటేనే చదువు. తల్లి లేని పిల్ల, ఒక్క రాత్రయినా తండ్రిని విడిచి ఉన్నది కాదు.

హాస్టలు మేట్రన్ దాలమ్మ ఇలాంటివాళ్లను చాలామందిని చూసింది.

"కిందటేడు ఇద్దరు సేరిన వారానికే ఏడుసుకుంటూ ఎలిపోనారు బాబూ. ఈ రేతిరికి పిల్లని ఇక్కడే పడుకోనీండి. ఉండగలదో లేదో తెలిసిపోతాది. పొద్దున్నే ఏ సంగతీ సెప్పీయండి. ఈ మంచం కోసం ఇంకో పిల్ల కాసుక్కూకుంది."

నరసింగరావు కూతురి వంక చూశాడు. "ఏటంటావమ్మా?"

"ఉంటాను నాన్నా" అంది పద్మ. గొంతులో ధైర్యం ఉంది గానీ కాళ్లలో లేదు.

"గంటస్తంబం కాడ మీ మావ ఒంటిగది ఇంట్లో ఈ రేతిరికి ఎలాగో సర్దుకుంటాను. పొద్దున్నే వస్తాను" అని ఆయన వెళ్లిపోయాడు.

ఈ గుమ్మం దిగి తండ్రి వెనకాలే ఇంటికి వెళ్లిపోతే, తన పుస్తకాలు అటకెక్కినట్టేనని పద్మకు తెలుసు. మళ్లీ అడిగేవాళ్లుండరు, పంపేవాళ్లుండరు. ఒక్క రాత్రి... ఒక్క రాత్రి పళ్ల బిగువున గడిపేస్తే చాలు.

బయల్దేరేటప్పుడు నాయనమ్మ గున్నమ్మ చెవిలో చెప్పిన మాట గుర్తొచ్చింది. "కొత్త జాగా... రేతిరి ఎవులైనా పేరెట్టి పిలిస్తే గబుక్కుని ఊకొట్టకు. అలాటియి రెండుపాలే పిలుస్తాయి. మూడోపాలి పిలిస్తే మనిసే. అప్పుడు పలుకు."

గదిలో రెండు మంచాలు. ఒకటి సందు వైపు కిటికీ కింద. అది బొబ్బిలి నుంచి వచ్చిన చిన్నతల్లిది, పద్మకంటే ఏడాది పెద్ద. రెండోది నూతి వైపు కిటికీ కింద. అదే ఖాళీ. ఎందుకు ఖాళీగా ఉందని పద్మ అడగబోయి మానేసింది.

పదింటికి దీపాలు ఆర్పేశారు.

"నిద్రట్టిందేటి?" చీకట్లో చిన్నతల్లి గుసగుస.

"లేదక్కా."

"ఆ నూతి సంగతి సెప్పీనా?"

"వద్దక్కా..."

వద్దంటే ఆగే మనిషైతే కదా! "మన పేరెట్టే పిలుస్తాదంట. పలికితే ఆ రేతిరికి ఏటీ సెయ్యదంట. ముందు పలికించుకుంటాది... తరవాత తీరుబడిగా రప్పించుకుంటాది" అని చెప్పి, తన భయమంతా పక్క మంచానికి అంటగట్టేసి, ఆ పిల్ల హాయిగా గుర్రుపెట్టింది.

పద్మకు నిద్రెక్కడిది? ముసుగు తన్ని పడుకుంది. ఎక్కడో కుక్క ఏడ్చింది... ఆగిపోయింది. ఆ తరవాత ఆకు కదిలిన చప్పుడు కూడా లేదు.

అప్పుడు వినబడింది.

"సిట్టెమ్మా..."

అది ఇంట్లో పిలుచుకునే పేరు! ఇక్కడందరికీ తాను పద్మకుమారే. ఆ పేరు ఈ ఊళ్లో ఎవరికి తెలుసు? గొంతు బొంగురుగా ఉంది... ఆడో మగో కూడా తెలియడం లేదు.

పలకలేదు. ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సిట్టెమ్మా..."

రెండు.

చిన్నతల్లిని లేపాలంటే చెయ్యి ముసుగు దాటి రావడం లేదు. అమ్మా, అమ్మా అని లోపల్లోపలే ఏడ్చింది పాపం.

ఎంతసేపయిందో... పెంకుల మీద సన్నగా జల్లు మొదలైంది. ఇక పిలవదు, అయిపోయింది అనుకుంది. ఒళ్లు కాస్త తేలికపడింది. కళ్లు మూతలు పడుతున్నాయి...

"సిట్టెమ్మా!"

మెల్లగా... ముద్దుగా... చాలా దగ్గర నుంచి.

మూడోసారి! మూడోసారి పిలిస్తే మనిషే! నాయనమ్మ చెప్పింది కదా! పద్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఊఁ" అంది.

జల్లు ఆగిపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకు — ముందరి రెండు పిలుపులూ సందు వైపు నుంచి వచ్చాయి. ఇది తల వైపు నుంచి వచ్చింది. నూతి వైపు నుంచి.

కిర్రు... మని గిలక ఒక్కసారి తిరిగింది.

ఆ తరవాత తెల్లారేదాకా పద్మ కన్ను మూయలేదు. చదువూ వద్దు, పట్నమూ వద్దు. నాన్న రాగానే ఇంటికి వెళ్లిపోవడమే. తెలతెలవారుతూండగానే బట్టలు పెట్టెలో కుక్కేసి గేటు దగ్గరికి పరిగెత్తింది.

నరసింగరావు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, కళ్లు ఎర్రగా... ముఖమంతా నవ్వు.

"మీ మావింటికి ఎల్లలేదే. నిన్నొగ్గీసి కాళ్లు కదల్లేదు. రేతిరి ఆ ఎదర అరుగు మీదే కూకున్నాను. సల్లగాలికి గొంతు పట్టీసింది. మనసాగక గోడ కాడికొచ్చి 'సిట్టెమ్మా' అని పిలిసినాను. పలికితే బయపడి మెలకువగా ఉన్నావని, అప్పుడే తీసుకెలిపోదామనుకున్నాను!"

పద్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నాన్న! రాత్రంతా చంపుకు తిన్న దెయ్యం తన నాన్నే!

"మరి మూడోపాలి..." అని ఏదో చెప్పబోయింది.

"మూడోపాలీ పిలుద్దామనుకున్నాను. ఈలోగా బీటు పోలీసోడొచ్చి ఆడపిల్లల గోడ కాడ నీకేటి పనని తరిమీసినాడు. సరే, రెండుపాలు పిలిసినా పలకలేదు, గుండెల మీద సెయ్యేసుకు పడుకుంది నా తల్లి అనుకుని టేసనుకెలిపోయి పడుకున్నాను. నాకన్నా నీకే గుండె దిటవు!"

పద్మ నోట్లో నవ్వు అలాగే ఆగిపోయింది.

చెప్పేస్తే ఆయన ఒక్క క్షణం ఉంచడు. పెట్టె ఆయన నెత్తికెక్కుతుంది... పుస్తకాలు అటకెక్కుతాయి.

"ఏటమ్మా, ఉంటావా? అవతల ఆ పిల్ల వచ్చి కూకుంది" దాలమ్మ గుమ్మంలోంచి అడిగింది.

పద్మ తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో అంత గర్వం ఎన్నడూ చూడలేదు.

"ఉంటాను" అంది.

నరసింగరావు కళ్లు తుడుచుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఒలే, ఇక్కణ్ణించి రేతిరిపూట ఎవులు పిలిసినా నాను కాదు. జాగర్త. పలక్కేం?"

పలకనన్నట్టు పద్మ తలూపింది. ఇప్పటికే ఒకసారి పలికానని మాత్రం చెప్పలేదు.