మూడో పిలుపు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. జగిత్యాల దాటాక ధర్మపురి రోడ్డు మీద జనం వంటావార్పు పెట్టారు. పప్పు తాలింపు వాసన, మూతపడిన విత్తనాల ల్యాబు దాకా వస్తోంది.

కోరుట్లలో ఫ్రిజ్‌లు బాగుచేసే మొగిలికి ఆ ల్యాబులో పని తగిలింది. విత్తనాలకు కిరణాలు పట్టే పాత యంత్రం ఒకటుంది అక్కడ. దాన్ని విప్పి అమ్మేముందు, ట్యాంకులో ఉన్న గ్యాసునంతా మిషన్ పెట్టి సిలిండర్లలోకి గుంజాలి. హైదరాబాదులో దాన్ని శుద్ధిచేసి సబ్‌స్టేషన్లలో మళ్లీ వాడుకుంటారట. పని అప్పజెప్పిన ఇంజినీరు సౌమ్య పొద్దున్నే చెప్పింది.

"మొగిలన్నా, కొంచెం గూడ బయటికి ఇడువద్దు. గాలికన్నా బరువు. వాసన రాదు. పల్లం సూసుకొని పేరుకుంటది. అండ్ల మనిషి చిక్కితే ఊపిరాడక సస్తడు. ఆకాశంల కలిసిందా, వేల ఏండ్లు భూమిని ఉడకబెడ్తది."

"గట్లనే మేడం," అన్నాడు మొగిలి. ఫ్రిజ్ గ్యాసును ఎప్పుడూ వాకిట్లోకే వదిలి చేతులు దులుపుకున్న మనిషి. గ్యాసంటే పైకి పోయేదేనని అతని లెక్క. ఆమె మాటలు చాదస్తంలా తోచాయి.

కాపలాదారు ముత్తయ్యది బీర్పూరు. మాటకు ముందు నవ్వే ముసలాయన. "పైపు పొట్టిగుంది పెద్దయ్యా, ఇంకోటి ఏడనన్న ఉన్నదేమో సూడు," అని మొగిలి పురమాయిస్తే తలూపి వెళ్లాడు. ఎటు వెళ్లాడో పనిలో ఉన్న మొగిలి చూడలేదు. ఎంతకూ రాలేదు. వంటావార్పులో విస్తరి ముందు కూర్చుని ఉంటాడులే అనుకున్నాడు మొగిలి. ఇంతలో కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది. అతని కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

ఎవలు సూడొచ్చిండ్రు అనుకున్నాడు. వాల్వు విప్పేశాడు.

సుయ్‌మని మొదలైంది. కిటికీల్లేని గది అది. మిట్టమధ్యాహ్నమైనా, గుమ్మంలో పడిన ఎండ తప్ప అంతా చీకటే. పాత నూనె వాసన, గబ్బిలాల కంపు. మూలన నేలమాళిగలోకి దిగే మెట్లు. మొగిలి గుమ్మంలో నిలబడి బీడీ కాల్చాడు. చాలాసేపటికి ఆ చప్పుడు సన్నబడి, ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది.

"మొగి...లీ..."

మెట్ల కింది నుంచి. మనిషి గొంతు కాదది. దున్నపోతుకు మాటలొచ్చినట్టు లావుగా... సాగదీస్తూ...

మొగిలికి పై ప్రాణాలు పైనే పోయాయి. పలకబోయి నోరు నొక్కుకున్నాడు. కనబడని గొంతు పేరు పెట్టి పిలిస్తే ఓ అనకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పింది. దెయ్యానికి రెండు పిలుపులే. మూడోసారి పిలిస్తేనే మనిషి. కోరుట్లలో అడిగినా సిరిసిల్లలో అడిగినా ఇదే మాట చెబుతారు.

"మొ...గిలీ..."

రెండోది. ఇంకా లావుగా. మెట్టు మీద ఏదో గీరుకుంటోంది. మొగిలి చెవులు రిక్కించాడు. మూడోది రావాలి... రాలేదు. గీరుడు కూడా ఆగింది.

"మనిషి కాదు," అని గొణుక్కున్నాడు. తలుపు లాగాడు. గొళ్లెం పెట్టాడు. వెనక్కి చూడలేదు.

రోడ్డు మీద బంతిలో కూర్చుని అన్నం తిన్నాడు. ముత్తయ్య అక్కడ లేడు. ఆ సంగతి గమనించాడు కూడా. ఎవరినీ అడగలేదు.

పొద్దుగూకే వేళకు కరెంటొచ్చింది. సౌమ్య మనుషులతో వచ్చింది. ట్యాంకు ఖాళీ అయిందని చూసి, ఫ్యాన్లు పెట్టి గది గాలంతా మార్చాక వాళ్లు కిందికి దిగారు. ముత్తయ్య పై మెట్టుకు అందీ అందకుండా బోర్లా పడి ఉన్నాడు. భుజాన పైపు చుట్ట.

"గీ గ్యాసు పీలిస్తే గొంతు లావైతది," సౌమ్య మెల్లగా అంది. "నీకేమన్న ఇనబడ్డదా అన్నా?"

"లేదు మేడం. వాల్వు గూడ దానంతటదే వదులైంది."

అంటుంటే అతనికి తల కొట్టేసినట్టయింది. మూడోసారి పిలవనిది దెయ్యం కాబట్టి కాదు. మూడోసారికి ఊపిరి లేదు. ఊపిరంతా రెండు పిలుపులకే ఖర్చయింది. ఆ రెండూ తన పేరే.

దినాలయ్యాక బీర్పూరు వెళ్లాడు. ముత్తయ్య భార్య ఇంద్రమ్మ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం చాలక నేల చూపులు చూస్తూనే అంతా చెప్పేశాడు. వాల్వు విప్పింది, పిలుపులు విన్నది, గొళ్లెం పెట్టింది, అన్నం తిన్నది. తిడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఆమె తల తిప్పి ఇంట్లోని గది తలుపు కేసి చూసింది.

"రెండేనా, కొడుకా?"

"రెండే, అవ్వా."

"గా దినం పగటీలి... నేను ఈన్నే కూసున్న." గొంతు తగ్గించింది. "అర్రలకెల్లి ఎవడో పిలిచిండు. ఇంద్రీ... అని. గంత లావు గొంతు నేనెన్నడు ఇనలె. ఒక్కపారే పిలిచిండు. ఇంకోపారి పిలుస్తడని సూసిన... పిలువలె. భయమైంది. అర్ర తలుపేసి గొళ్లెం పెట్టిన."

మొగిలి తలెత్తాడు. మూడో పిలుపు ఇక్కడికొచ్చింది.

"ఇంక తియ్యలె," అంది ఇంద్రమ్మ. "ఇప్పుడు తీద్దామా?"

ఇద్దరూ ఆ తలుపు వైపు చూశారు. లోపల ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు.

ఇద్దరిలో ఎవరూ లేవలేదు.