ఆపరేషన్ వెచ్చటి నేల

కాల్చిన కోడిగుడ్డును నెత్తిన కొట్టుకుని పగలగొట్టడం గూఢచారికి హుందా అయిన పనేం కాదు. కానీ సంకేతం అదే కాబట్టి గుక్ తేహ్వాన్ కొట్టుకున్నాడు. ఇంచన్ నగరంలో అదో జిమ్‌జిల్‌బాంగ్. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి వేడి గదుల్లో చెమటలు కక్కి, ఆపైన వెచ్చటి నేల మీద పడి దొర్లే చోటు. చుట్టూ అందరూ గుడ్లు పగలగొట్టుకుంటూనే ఉన్నారు కాబట్టి అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నారింజ రంగు స్నానపు దుస్తుల్లో ఉన్న ఒక ముసలాయన వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"గుడ్డు ఉప్పుతోనా, ఉప్పు లేకుండానా?"

"మా ఆవిడ ఉప్పు మానిపించింది."

సంకేతం కలిసింది. ఆయన డాక్టర్ నో. పోక్‌సిన్ అనే కంపెనీలో పెద్ద రసాయన శాస్త్రవేత్త. ఆ కంపెనీ గుట్టు విప్పుతానని గుక్ పనిచేసే నిఘా సంస్థకి ఆయనే కబురు పెట్టాడు. తీరా వచ్చాక గుట్టు విప్పకుండా ముందు ఒక ప్రశ్న వేశాడు.

"మీ ఇంట్లో చంటిపిల్లలున్నారా?"

"పాప ఉంది. ఈమధ్యే పాకుతోంది."

"కింద ఏం పరిచారు?"

"నీలం ఫోమ్ మ్యాట్. మీ పోక్‌సిన్‌దే. మా అత్తగారు కొనిచ్చారు."

నో ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దాంట్లో మంట అంటుకోకుండా ఒక మందు కలుపుతాం బాబూ. ఫ్లేమ్ రిటార్డెంట్. అది ఫోమ్‌ని పట్టుకుని ఉండదు. నేల వెచ్చబడితే బయటికొచ్చి దుమ్ములో చేరుతుంది. పాకే పిల్ల చేతులు దుమ్ములో ఉంటాయి, ఆ చేతులే నోట్లో ఉంటాయి. నా ప్రయోగశాలలో ఎలకలకి థైరాయిడ్ పాడైంది. వాటి పిల్లలు రోజూ తిరిగే దారి కూడా నేర్చుకోలేకపోయాయి."

గొంతు ఎండిపోయిందేమో, పక్కనున్న సిఖే గ్లాసు ఎత్తి ఆ తియ్యటి బియ్యపు నీళ్ళు గటగటా తాగాడు. గోడకి ఆనుకున్నాడు. కళ్ళు మూతపడ్డాయి. అక్కడ అందరూ అలాగే నిద్రపోతారు కాబట్టి, ఆ మనిషి చచ్చిపోయాడని గుక్‌కి తప్ప ఎవరికీ తెలియలేదు.

ఎదురుగా, తువ్వాలును గొర్రె కొమ్ముల్లా చుట్టుకున్న ఒక అందగత్తె లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె వెంట పడాలి. శిక్షణ చెప్పేది అదే. గుక్‌కి మాత్రం కాళ్ళు కదల్లేదు. అతని కళ్ళ ముందు హంతకులు లేరు. ఐదు వేళ్ళూ నోట్లో కుక్కుకుని చొంగ కారుస్తూ నవ్వే తన పాప ఇసుల్ ఉంది. అతను నిజంగా భయపడ్డాడు.

* * *

డైరెక్టర్ బ్యోన్ తన తోలు కుర్చీలో వెనక్కి వాలి, బల్ల మీదికి ఒక ఫోటో తోశాడు.

"గొర్రె తలపాగా ఈవిడదేనా?"

"ఈవిడే సార్."

"చా రియొవన్. పోక్‌సిన్ ప్రతినిధి. మనకీ గూఢచారిణే, వాళ్ళకీ గూఢచారిణే. జీతం ఇద్దరి దగ్గరా తీసుకుంటుంది, పని ఎవరికి చేస్తుందో ఆ తల్లికే తెలియాలి."

అసలు ముఠా విదేశీయులది. పేరు 'కొలిమి'. నాయకుడు హార్ట్‌విగ్. పలు దేశాలు నిషేధించిన ఆ మందు నిల్వలు గోదాముల నిండా వాళ్ళ దగ్గర మూలుగుతున్నాయి. పారబోయడానికి ఏ దేశమూ ఒప్పుకోదు. అందుకని పోక్‌సిన్ చేత ఫోమ్‌లో కలిపించి మ్యాట్లు చేయించారు. ఈ శనివారం మధ్యాహ్నం ప్రభుత్వ కమిటీ పోక్‌సిన్ వారి నమూనా ఇంట్లో ఆఖరి పరీక్ష చేసి సంతకం పెడుతుంది. అంతే, దేశంలో చంటిపిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఒక మ్యాట్ ఉచితం.

"రిపోర్టులు దొంగవని చూపిస్తే సరిపోదా?" అన్నాడు గుక్.

"దొంగవైతేగా," అంది సంస్థ ప్రయోగశాల అధిపతి పిల్ గారు. ఆవిడ ముక్కుసూటి మనిషి. "ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కాకపోతే పరీక్షలు హార్ట్‌విగ్ దేశంలో చేశారు. అక్కడ వేడి గోడ పక్క ఇనప గొట్టాల్లోంచి వస్తుంది. నేల మంచులా ఉంటుంది. మనమేమో నేల కిందే వేడినీళ్ళు పారించి, పైన మ్యాట్ పరిచి, ఆ పైన పిల్లని పడుకోబెట్టి, చలి గాలి సోకకుండా కిటికీలు బిగిస్తాం. పెనం మీద పెట్టినట్టే."

"శనివారం కమిటీ నేల వేడి చేస్తుందిగా?"

"బాయిలర్ చెడిపోయిందని పోక్‌సిన్ వాళ్ళు ముందే చెప్పేశారు. కాబట్టి నువ్వు వెళ్ళి బాగుచేస్తావు. కమిటీ గాల్లో మందును కొలిచే తన మీటర్‌తో తన కళ్ళారా చూడాలి. మనం చెబితే పోటీ కంపెనీ కుట్ర అంటారు."

గుక్ లేచాడు. "సరే. ముందు ఇంటికెళ్ళి ఆ మ్యాట్ అవతల పారేసి వస్తా."

"కూర్చో," అన్నాడు డైరెక్టర్. "నోతో నిన్ను చూశారు. నోరు విప్పేలోపే నో చచ్చాడని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం శనివారం దాకా నిలవాలి. ఈ పొద్దున మీ కింది ఫ్లాట్‌లో కొత్తగా ఒకడు దిగాడు. చెవులతో కాపలా కాసే మనిషి."

గుక్‌కి అర్థమైంది. అపార్ట్‌మెంట్లలో మ్యాట్లు పరిచేదే కింది వాళ్ళ పోరు పడలేక. పిల్ల దబ్‌మంటే కింద పైకప్పు మోగుతుంది, తగాదా మొదలవుతుంది. మ్యాట్ తీసిన మరుక్షణం ఆ చప్పుడు మారుతుంది. కింద ఉన్నవాడికి చూడాల్సిన పనే లేదు.

"అంటే, నా కూతుర్ని..."

"మీ ఆవిడకి కూడా చెప్పకూడదు," అన్నాడు డైరెక్టర్, అతని ముఖం చూడకుండా.

పిల్ గారు ఒక మెత్తటి సిలికాన్ గాజు చేతిలో పెట్టింది. "పాపకి తొడుగు. గాల్లో, దుమ్ములో ఉన్నదంతా పీల్చుకుంటుంది. ఎంత చేరిందో చూసి చెబుతా." ఆవిడ గొంతులో జాలి ఉంది. ఆ జాలే గుక్‌ని ఇంకా హడలగొట్టింది.

* * *

ఇల్లు హాయిగా, వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగలగానే గుక్ చూపు నేల మీదికి పోయింది. మ్యాట్ మీద ఇసుల్ బోర్లా పడుకుని, తెల్ల ఏనుగు బొమ్మని నాకుతోంది. నాన్నని చూసి బొమ్మ వదిలి, అరచేతులు టపటపా కొడుతూ పాక్కుంటూ వచ్చింది. మధ్యలో ఆగి చెయ్యి నోట్లో పెట్టుకుంది.

గుక్ ఒక్క గెంతులో పాపని ఎత్తుకుని, చేతికి గాజు తొడిగి, వీపుకి కట్టేసుకున్నాడు.

"సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడో," అంది అతని భార్య మీయొన్, వంటింట్లో ముల్లంగి తరుగుతూ. "పుట్టినప్పట్నుంచి ఒక్కసారి కట్టుకున్న పాపాన పోలేదు."

పిల్ల వీపు మీదుంటే మ్యాట్ మీద చప్పుడుండదు. చప్పుడు లేకపోతే కిందివాడు చెవులు రిక్కిస్తాడు. అందుకని రెండు దేశాల్లో మూడు ముఠాలను పట్టుకున్న గుక్ తేహ్వాన్, వీపున బిడ్డతో, మోకాళ్ళ మీద, అరచేతులు టపటపా కొడుతూ గది చుట్టూ పాకడం మొదలుపెట్టాడు. ఇసుల్ గుర్రం ఎక్కినట్టు కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వింటుంటే అతనికి ఏడుపొచ్చింది.

మీయొన్ కత్తి పక్కన పెట్టి గుమ్మంలో నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఏవండీ, చెప్పకూడని విషయమా?"

గుక్ తలూపాడు.

"పాపకి సంబంధించిందా?"

గుక్ ఈసారి తల కూడా ఊపలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

మీయొన్ ఇంకేం అడగలేదు. అతని వీపు మీదనుంచి పాపని విప్పి తన వీపుకి బిగించి కట్టుకుంది. "నా నడుము విరిగినా సరే, మీరు వచ్చేదాకా దీన్ని కింద దించను. నాకూ పాకడం వచ్చు. మీరు వెళ్ళి ఆ పనేదో చూసుకురండి."

* * *

శనివారం మధ్యాహ్నం, మురికి టోపీ, అతికించిన మీసం, పనిముట్ల సంచితో గుక్ నమూనా ఇంటి బాయిలర్ గదిలోకి దూరాడు. పెద్దగా చెడగొట్టిందేం లేదు. పంపు తీగ కత్తిరించి, వేడినీళ్ళ వాల్వు బిగించేశారు. తీగ కలుపుతుంటే మెడ మీద చల్లగా ఏదో తగిలింది.

"బాయిలర్ బాగుచెయ్యమని మేం ఎవరినీ పిలవలేదే," అంది ఒక తియ్యటి గొంతు.

గుక్ మెల్లగా తిరిగాడు. దంతపు రంగు పొడుగు కోటు, చేతిలో సైలెన్సర్ పిస్తోలు. చా రియొవన్ ఫోటోలో కంటే అందంగా ఉంది, ఫోటోలో కంటే చిక్కిపోయి ఉంది.

"నో గ్లాసులో విషం కలిపింది నువ్వేనా?"

"హార్ట్‌విగ్ మనిషి. నేను చూస్తూ ఊరుకున్నాను." ఆమె పిస్తోలు దించలేదు. "వాల్వు మీద నుంచి చెయ్యి తియ్యి."

ఆమె కోటు అంచున బూడిదరంగు వెంట్రుకలు కనిపించాయి. గుక్ వాటినే చూశాడు. వచ్చే ముందు పిల్ గారు చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకున్నాడు.

"పిల్లిని పెంచుతున్నావు కదూ? ఎంత తిన్నా చిక్కిపోతోందా?"

ఆమె కనురెప్ప అదిరింది. "నీకెవరు చెప్పారు?"

"డాక్టర్ థైరాయిడ్ అన్నాడా?"

ఆమె రెండో చేత్తో కోటు అంచు దులుపుకుంది.

"నీ ఫ్లాట్ కంపెనీ ఇచ్చిందేగా? సోఫా, కర్టెన్లు, మ్యాట్లు అన్నీ వాళ్ళవేగా? పిల్లి ఒంటి మీది దుమ్ము నాకుతుంది. నా కూతురు చేతులు నాకుతుంది. పిల్లి సంగతి ఈ మందు వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ నువ్వూ ఆ గదిలోనే పడుకుంటావు."

పిస్తోలు గొట్టం నేల వైపు వాలింది. "నాకూ దడగా ఉంటోంది," అంది ఆమె, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "కాఫీ ఎక్కువైందనుకున్నా."

పక్క హాల్లో చప్పట్లు మోగాయి. కమిటీ మీటర్ సున్నా దగ్గరే ఉందని ఎవరో ప్రకటిస్తున్నారు. ఇక మిగిలింది సంతకమే.

చా రియొవన్ పిస్తోలు సంచిలో పెట్టి, వాల్వు తానే తిప్పింది. "నేల వేడెక్కడానికి టైం పడుతుంది. అందాకా సంతకం ఆపడానికి చూస్తా. ఫోటోలంటే ముసలాళ్ళు కాదనరు."

ఫోటోలు తీశారు. మళ్ళీ తీశారు. కళ్ళు మూసుకున్నారని ఇంకోసారి తీశారు. నల్లకోటు హార్ట్‌విగ్ సహనం నశించి, కమిటీ అధ్యక్షుడు జెగాల్ గారి చేతిలో పెన్ను పెట్టాడు. గుక్ తలుపు సందులోంచి చూస్తున్నాడు. పెన్ను కాగితానికి ఆనింది.

జెగాల్ గారి కాలివేళ్ళు కదిలాయి.

ఆయన కిందికి చూశాడు. చెప్పులు బయటే విడిచి, వచ్చినప్పట్నుంచి ఆ చల్లటి ఇంట్లో మేజోళ్ళతో నిలబడి కాళ్ళు కొయ్యబారిన పెద్దమనిషి. పెన్ను పక్కన పెట్టేశాడు. మోకాళ్ళు పట్టుకుని "అబ్బా" అంటూ మ్యాట్ మీద కూలబడి కాళ్ళు బారజాపాడు.

"రండర్రా, ఇక్కడ వెచ్చగా ఉంది," అని పక్కన నేల తట్టాడు. పెద్దాయన కూర్చున్నాక ఎవరు నిలబడతారు? కమిటీ అంతా వరసగా కూర్చుంది. ఒకాయన ఏకంగా పడుకున్నాడు.

నిలబడింది హార్ట్‌విగ్ ఒక్కడే. అతని దేశంలో నేల మీద నడుస్తారంతే. "సంతకం, సంతకం," అన్నాడు వచ్చీరాని కొరియన్‌లో. "పెడతాంలేవయ్యా, కాస్త కాళ్ళు కాగనీ," అన్నాడు జెగాల్.

కొత్త కారు తలుపు తీసినప్పటి వాసన గదిలో లేచింది. మ్యాట్ పక్కనున్న మీటర్ ఒకసారి కూసింది. మళ్ళీ కూసింది. ఆ తర్వాత ఆగకుండా కూస్తూ ఎర్రగా వెలిగింది.

"కిటికీలు! కిటికీలు తెరవండి!" అన్నాడు హార్ట్‌విగ్.

"ఈ చలిలో, పసిపిల్ల ఉన్న ఇంట్లో కిటికీలు ఎవడు తెరుస్తాడయ్యా?" అని కసురుకున్న జెగాల్ గారు, తన మాట తనకే వినిపించి ఆగిపోయాడు. మీటర్ వంక చూశాడు. మ్యాట్ మీద ఆనించిన తన అరచేతుల వంక చూసుకున్నాడు. వాటిని కోటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. "నా మనవడు దీని మీదే పాకుతున్నాడు," అన్నాడు. ఆ కాగితాన్ని నిలువునా చింపేశాడు.

గుక్ ఈల వేశాడు. బయట పొంచి ఉన్న సంస్థ మనుషులు లోపలికి దూకారు. హార్ట్‌విగ్ చేతులకి బేడీలు పడ్డాయి. చా రియొవన్ తన చేతులు తానే చాచింది. "ముందు ఎవరైనా వెళ్ళి నా పిల్లిని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురండి," అంది.

* * *

కింది ఫ్లాట్‌లోవాడిని అప్పటికే పట్టుకుపోయారు. గుక్ ఇంటికొచ్చేసరికి మీయొన్ నడుము పట్టుకుని వంగి నడుస్తోంది, ఇసుల్ ఆమె వీపు మీద నిద్రపోతోంది. అతను మ్యాట్‌ను చుట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగించి, సాక్ష్యాల బండిలో పడేశాడు. అప్పుడు చెప్పాడు అంతా. మీయొన్ పాపని ముందుకు తిప్పుకుని, ఆ చిన్న అరచేతులు కడిగి, ఆరక ముందే మళ్ళీ కడిగింది.

పిల్ గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "పొద్దున నువ్విచ్చిన గాజు చూశాను. ఎక్కువే ఉంది. దాచను. రేపు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఇకమీదట తగ్గుతుందని మాత్రం చెప్పగలను. తడిబట్టతో తుడవండి, కిటికీలు తీయండి, పాప చేతులు కడుగుతూ ఉండండి. ఆ, ఇంకొకటి. మీ సోఫా ఎక్కడిది?"

గుక్ ఫోన్ పెట్టి గది చుట్టూ చూశాడు. సోఫా, కర్టెన్లు, టీవీ, పాప కారు సీటు. శత్రు శిబిరంలో కూడా అతనికి ఇంత బెదురు పుట్టలేదు. బట్ట తడిపి మోకాళ్ళ మీద వంగాడు.

మళ్ళీ ఫోను. ఈసారి డైరెక్టర్ బ్యోన్, మహా హుషారుగా ఉన్నాడు.

"శభాష్ గుక్. నీకో బహుమతి మంజూరు చేయించా. నా కుర్చీ లాంటిదే, తోలు కుర్చీ. లోపల మెత్తటి ఫోమ్. నిప్పు పెట్టినా అంటుకోదు, గ్యారంటీ ఉంది."

గుక్ తుడవడం ఆపి అన్నాడు, "వద్దు సార్. ఎందుకు అంటుకోదో ఒక్కసారి ఆలోచించండి."

అవతల ఏదో కిర్రుమంది. తర్వాత డైరెక్టర్ గొంతు బాగా తగ్గిపోయి వినిపించింది.

"గుక్, నేను ఇప్పుడు దాని మీదే కూర్చుని ఉన్నాను."