పైడిరాజు పాస్‌పోర్టు

పైడిరాజు చనిపోయి పదకొండు నెలలైంది. సోమవారం ఉదయం అతను విశాఖ ఎయిర్‌పోర్టులో దిగాడు.

"పాస్‌పోర్టు అసలుదే. ఫొటో మాత్రం మార్చారు," అన్నాడు చీఫ్. అది 2016. విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడమీద బ్రీఫింగ్.

ఏజెంట్ వినోద్ ఫైలు తెరిచాడు. పైడిరాజు శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టేవాడు. టూరిస్ట్ వీసా మీద మలేసియా వెళ్లాడు. పామాయిల్ తోటలో యజమాని పాస్‌పోర్టు లాక్కున్నాడు. వీసా గడువు తీరింది. ఆ తర్వాత దెబ్బలు తిన్నా, జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పుకోలేని మనిషయ్యాడు.

"ఆ పాస్‌పోర్టు మీద ఇప్పుడొక విదేశీ గూఢచారి వచ్చాడు. కోడ్‌నేమ్ కొంగ. తెలుగు బాగా వచ్చు. రేపు మధ్యాహ్నం ఆమదాలవలసలో ఇరవై ఆరుగురిని చెన్నై రైలెక్కిస్తాడు. అక్కణ్ణుంచి మలేసియా. వాళ్ల పాస్‌పోర్టుల మీద మరో ఇరవై ఆరుగురు గూఢచారులు మన దేశంలో దిగుతారు."

"లోపల మనవాళ్లు?"

"అనూరాధ."

పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. కొంగ ముఠాకు మనుషుల్ని పంపే కన్సల్టెన్సీ ఆమెదే. ఆరు నెలలుగా డబుల్ ఏజెంట్.

"ఎందుకు మారారు?" మర్నాడు స్టేషన్‌కు వెళ్తూ కారులో అడిగాడు వినోద్.

"పైడిరాజును పంపింది నేనే. ఆఖరి ఫోను నాకే చేశాడు. 'ఒళ్లు కాలిపోతన్నాది మేడమ్. ఆస్పత్రికెల్తే పోలీసులకి పట్టించీస్తారు. ఏటి సెయ్యమంటారు?' అన్నాడు. మీటింగులో ఉన్నానని పెట్టేశాను." ఆమె కళ్లద్దాలు తీయలేదు. "ఇప్పటికీ ఫోను మోగితే అతనే అనిపిస్తుంది."

ప్లాట్‌ఫామ్ మీద వినోద్ పొందూరు ఖద్దరు అమ్మేవాడి వేషంలో, గుర్తింపు కార్డు కూడా లేకుండా నిలబడ్డాడు. చొక్కా గుండీలో కెమెరా. పక్కన బెంచీ మీద పైడిరాజు తల్లి బుల్లమ్మ. "మీవాడి పేరుతో ఒకతను వచ్చాడు, చూసి చెప్పాలి" అని పొద్దున వినోదే తీసుకొచ్చాడు. కొడుకు పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె సగమే విన్నది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది.

రైలొచ్చింది. కుర్రాళ్లు ఎక్కారు. సంచీతో ఒక గడ్డపాయన అనూరాధ దగ్గరికొచ్చాడు.

"రామతీర్థం బస్సు వెళ్లిపోయిందా?"

"ఇంకా కొండ దిగలేదు," అందామె.

కోడ్ కలిసింది. వినోద్ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అరిచాడు కొంగ. జనం మూగారు. రైల్వే కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. "నేను పైడిరాజుని! ఇదిగో పాస్‌పోర్టు!"

కానిస్టేబుల్ ఫొటో చూశాడు, మొహం చూశాడు. "సరిగ్గానే ఉన్నాది. సెయ్యి వదలవయ్యా."

రైలు కూతేసింది.

"ఈవిడ పైడిరాజు తల్లి. అడగండి," అన్నాడు వినోద్.

కొంగ ఒక్క క్షణమే తడబడ్డాడు. తర్వాత రెండు చేతులూ చాచాడు. "అమ్మా!"

బుల్లమ్మ దగ్గరికొచ్చింది. అతని గడ్డం పుణికింది. ఔనంటుందేమోనని వినోద్ భయపడ్డాడు. అనాలని ఆమెకెంత ఉందో చూశాడు.

రైలు కదిలింది.

"నువ్వు నా కొడుకువి కావు బాబూ." ఆమె అతని చొక్కా పట్టుకుంది. "ఆడి పాసుపోర్టు నీకాడికెలాగొచ్చినాది? నా కొడుకేడి?"

కొంగ ఆమెను తోసి రైలువైపు ఉరికాడు. వినోద్ వాణ్ణి కాలడ్డుపెట్టి పడగొట్టాడు. అప్పటికే పెట్టెలోకి ఎక్కిన అనూరాధ గొలుసు లాగింది. చక్రాలు కీచుమని ఆగాయి. ఇరవై ఆరుగురూ దిగారు.

అనూరాధ కళ్లద్దాలు తీసి, బుల్లమ్మ ముందు కూర్చుని, జరిగిందంతా చెప్పింది. ఆ తల్లి ఏడవలేదు.

"ఏ కాడ కప్పెట్టీసినారు?"

"తోట వెనక."

"పేరు రాసినారా?"

"నంబరు రాశారమ్మా."

ప్లాట్‌ఫామ్ మీద అందరూ వెళ్లిపోయినా బుల్లమ్మ చూపు పట్టాల మీదే ఉంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ వినోద్! ఢిల్లీ చాలా సంతోషించింది. ఏం కావాలో అడుగు."

"పైడిరాజుకి డెత్ సర్టిఫికెట్ సార్. సమాధి మీద పేరు."

అవతల ఫైలు తిప్పిన చప్పుడు.

"రికార్డుల్లో పైడిరాజు సోమవారమే విశాఖలో దిగాడు. సాధ్యమయ్యేవి అడగవయ్యా," అన్నాడు చీఫ్.