ఎడమ సీటు

అసురసంధ్య వేళ...

పడమటి ఆకాశం నెత్తురు పులిమినట్టు ఎర్రబారి, అంతలోనే కారుమబ్బుల కింద కప్పబడిపోయింది. దూరంగా ఉరుము ఉరిమింది. పాతకార్ల యార్డు గేటు మీద వాలిన గుడ్లగూబ ఒకటి మెడ మాత్రం వెనక్కి తిప్పి, లోపలికి నడిచి వస్తున్న దంపతులను రెప్ప వేయకుండా చూసింది. ఆ చూపులోని హెచ్చరిక అర్థమై వాళ్ళిద్దరూ అక్కడే వెనుదిరిగి ఉంటే... ఆ తరువాతి తొమ్మిది రోజుల నరకం వాళ్ళకు తప్పేది!

కానీ మాస్టారికి ఆ క్షణాన గుడ్లగూబ కాదు కదా, ఎదురుగా ఏనుగు వచ్చి నిలబడ్డా కనబడేది కాదు. ఆయన ప్రాణమంతా యార్డు చివర రేకుల షెడ్డు కింద నిలిచి ఉన్న ఎర్ర కారు మీదే ఉంది. రెండే సీట్లు, వెనక్కి మడిచేసుకునే టాపు, నేలను రాసుకుపోయేంత పొట్టి ఒళ్ళు. ఇరవయ్యారేళ్ళుగా డ్రైవింగు స్కూలు నడుపుతూ, ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి ఆయన. ఆ ఇరవయ్యారేళ్ళూ ఆయన కూర్చున్నది ఎడమ సీటులోనే. పక్కన చెమటలు కక్కే శిష్యుడు, తన కాలి కింద రెండో బ్రేకు. శిష్యులు చాటుగా ఆయనను 'బ్రేకు మాస్టారు' అనేవారు. ఒక్కసారైనా తనదంటూ ఒక పరుగుబండి కొని, కుడి సీటులో దర్జాగా కూర్చుని, పక్కన ఇల్లాలిని ఎక్కించుకుని తిరగాలని ఆయనకు ఒకటే కోరిక.

ఆ ఇల్లాలు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. మొగుడి ముచ్చట చూసి దారి పొడుగునా ఆటపట్టిస్తూనే వచ్చింది. రెండు సీట్ల బండిలో సామాను సంచులు ఎక్కడ పెడతారని, తన ఒళ్ళోనా లేక టాపు మీదా అని అడిగింది. అయినా ఆయన కళ్ళలోని వెలుగు చూసి మురిసిపోతూనే ఉంది.

బండి అమ్మే వ్యాపారి షెడ్డులోంచి బయటికి వచ్చాడు. ముఖం చూస్తే ముప్పయ్యేళ్ళకు మించవు. చేతులు మాత్రం ఎనభయ్యేళ్ళ ముసలివాడివి! ముడతలు పడి, నరాలు తేలి, గోళ్ళు పసుపుబారి ఉన్నాయి.

మాస్టారు బండిని ఊరికే వదల్లేదు. ఇంజను శబ్దం విన్నారు, తలుపుల సందులు వేలితో తడిమి చూశారు, టైర్ల కింద పడుకుని మరీ లేచారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. చివరికి కాళ్ళ కింది చాపలు ఎత్తారు. కుడివైపు అంతా సవ్యంగానే ఉంది. ఎడమవైపు మాత్రం... సరిగ్గా కుడికాలు ఆనే చోట, లోపలి ఇనుము కనబడేంతగా గుడ్డ అరిగిపోయి ఉంది!

అదేమిటో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పక్కన కూర్చున్న మనిషి బెదిరిపోతే, తెలియకుండానే లేని బ్రేకును కాలితో తొక్కుతాడు. కానీ ఇనుము తేలాలంటే ఎంతమంది, ఎంత భయంతో తొక్కి ఉండాలి? ఇంతకు ముందు నడిపినవాడు పచ్చి దయ్యమై ఉంటాడని ఆయన నవ్వేశారు. వ్యాపారి నవ్వలేదు.

ధర విన్నాక ఆ అరుగుదల మాట ఆయన మనసులోంచి జారిపోయింది. కొత్తదానిలో ఐదో వంతు కూడా లేదు. ఆశ కమ్మితే కళ్ళున్నా గుడ్డితనమే.

వ్యాపారి ఒక కాగితం తెచ్చాడు. అందులో వింత షరతు ఒకటి ఉంది. ఎడమ సీటులో కూర్చునే మనిషికి ఈ బండి మీద ఏ అధికారమూ లేదు, ఉండబోదు. దాని కింద ఆమె సంతకం కాదు, వేలిముద్ర వేయాలి. బీమా వాళ్ళ నియమమని చెప్పాడు. ఆమె బొటనవేలు అద్దిన ఎర్ర సిరా ముద్ద చల్లగా ఉండాల్సింది పోయి గోరువెచ్చగా తగిలింది. తొమ్మిదో రోజు సాయంత్రం ఉచితంగా బ్రేకులు పరీక్షించి ఇస్తానని, ఇద్దరూ తప్పక రావాలని వ్యాపారి మరీమరీ చెప్పాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె ఆటపట్టించడం మానేసింది. ఎడమవైపు చలిగా ఉందని మాత్రం అంది.

మాస్టారి పద్ధతి ఒకటుంది. తన ఇంటివాళ్ళు ఎక్కే ఏ బండికైనా రెండో బ్రేకు బిగించాల్సిందే. పైగా ఊరందరికీ నేర్పి కట్టుకున్నదానికి నేర్పలేదన్న దెప్పు చాలా ఏళ్ళుగా పడుతున్నారు. అందుకని మర్నాడే, మూలపడేసిన పాత శిక్షణ కారులోంచి రెండో పెడలు ఊడదీసి, ఈ కారు ఎడమ సీటు ముందు, సరిగ్గా ఆ అరిగిన చోట బిగించారు. కడ్డీతో అసలు బ్రేకుకు కలిపారు. పైన నల్ల చాప పరిచారు.

మూడో రోజు ఆమెకు డ్రైవింగు మొదటి పాఠం చెప్పాలి. కానీ ఆ పాఠం జరగనే లేదు!

పొద్దున్న కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బిగుసుకుపోయింది. కనుగుడ్లు నిలిచిపోయాయి. కుడిపాదం మాత్రం నేలను తొక్కుతోంది... మళ్ళీ... మళ్ళీ... మడమ కమిలి నెత్తురు చిమ్మేదాకా! ఆ పెదవుల మధ్య నుంచి వచ్చింది ఆమె గొంతు కాదు. ఎవరో ముసలాయన గొంతు.

"ఆపు... బాబూ, ఆపు..."

వెంటనే ఒక పడుచుపిల్ల కేక. ఆ వెనక పసిపిల్ల ఏడుపు. మాస్టారు లెక్కపెట్టారు. ఎనిమిది గొంతులు! ఆమెతో పనిచేసే డాక్టరమ్మ వచ్చి చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదని, నాడి మాత్రం రోజురోజుకీ సన్నగిల్లుతోందని చెప్పి తల దించుకుంది.

ఆరో రోజున ఆయన కారు డిక్కీ తెరిచారు. అదనపు టైరు ఎత్తేసరికి... ఒళ్ళు గగుర్పొడిచింది! ఎర్రగుడ్డలో చుట్టిన కపాలం! దాని దవడల మధ్య తన భార్య వేలిముద్ర వేసిన కాగితం! దాన్ని లాగబోయారో లేదో, ఇంట్లోంచి ఆమె ఆర్తనాదం ఆకాశాన్నంటింది. పరుగున వెళ్ళి చూస్తే ముక్కులోంచి నెత్తురు కారుతోంది. తిరిగొచ్చి కపాలాన్ని మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టేశారు. తన సరదా కోసం తానే ఆమెను తీసుకెళ్ళి ఆ సీటులో కూర్చోబెట్టారు. ఆ మాట గుర్తొచ్చి ఆయన గ్యారేజీలో నేల మీద కూలబడి ఏడ్చారు.

అప్పుడు కనబడింది... ఎవరూ లేని కారులో, ఎడమ సీటు ముందు, నల్ల చాప కింద రెండో బ్రేకు తనంతట తానే కిందికి దిగింది. పైకి లేచింది. మళ్ళీ దిగింది. కొత్త బండి ఎక్కిన శిష్యులు పెడలును ఒక్కొక్కరుగా తొక్కి చూసుకున్నట్టు... ఎనిమిది సార్లు!

ఆ సాయంత్రం ఆమె నోట పసిపిల్ల మాట్లాడి, జరగబోయేదంతా చెప్పింది. తొమ్మిదో రోజున వ్యాపారి బ్రేకులు చూస్తానని స్టీరింగు పడతాడు. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని, యార్డు వెనక రాతిగోడ మీదికి బాణంలా వెళ్తాడు. గుద్దడు, గోరంత దూరంలో ఆపేస్తాడు. కానీ పక్కనున్నవాళ్ళు లేని బ్రేకును తొక్కే ఆ క్షణంలో, ఆ వట్టి నేల మీదే వాళ్ళ ప్రాణం జారిపోతుంది. దాన్ని వాడు తాగుతాడు. వాడికి యౌవనం, వీళ్ళకు గుండె ఆగిన చావు. ఇంటివాళ్ళు దుఃఖంతో బండిని వాడికే తిరిగి ఇచ్చేసిపోతారు.

"మా నాన్న గేటు దగ్గర నిలబడి చూశాడు," అంది పసిగొంతు. "నేను తొక్కాను. అక్కడ ఏమీ లేదు."

మాస్టారు అడిగారు. "ఇప్పుడుంది కదమ్మా?"

ఎనిమిది గొంతులూ ఒక్కటిగా పలికాయి. "తీసుకురా."

ఇరవయ్యారేళ్ళలో ఒక్క శిష్యుణ్ణి కూడా ఆయన తన కాలు బ్రేకు మీద లేకుండా రోడ్డెక్కనివ్వలేదు. ఇప్పుడు కట్టుకున్నదాని ప్రాణాన్ని ముక్కూముఖమూ తెలియని పాదాలకు అప్పగించి, తాను దూరంగా నిలబడాలి. ఇంకో దారి లేదు. తొమ్మిదో రోజు పొద్దుటికి ఆమె ఊపిరి దారప్పోగులా మిగిలింది.

మళ్ళీ అదే అసురసంధ్య... ప్రళయకాల మేఘాల్లా మబ్బులు కమ్ముకున్నాయి. ఉరుముల మీద ఉరుములు! గేటు మీద అదే గుడ్లగూబ!

వ్యాపారి ఇప్పుడు వ్యాపారిలా లేడు. రక్తవర్ణ వస్త్రం ధరించి, నుదుట భస్మం పూసుకుని, డిక్కీలోంచి తీసిన కపాలాన్ని స్టీరింగు ముందు ప్రతిష్ఠించాడు. మాస్టారి చుట్టూ బూడిదతో వలయం గీశాడు. ఆ క్షణం నుంచి ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

"ఇక్కణ్ణుంచే చూడండి మాస్టారూ. ఒక్క చక్కరు. మీ ఆవిడకు ఏ బాధా ఉండదిక," అన్నాడు మెత్తగా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఆమె ఎడమ సీటులో వాలిపోయి ఉంది. పాదాలు నల్ల చాప మీద ఉన్నాయి. వాడు ఒక్కసారి కిందికి చూస్తే చాలు, అంతా అయిపోయినట్టే! కానీ వాడు చూడలేదు. బలిజీవి వైపు కన్నెత్తి చూడరాదన్నది ఆ క్షుద్రక్రియ నియమం. ఎనిమిది చావులలో ఒక్కసారి కూడా వాడు ఎడమవైపుకు తల తిప్పిన పాపాన పోలేదు.

ఇంజను గర్జించింది. వికృతాక్షరాల మంత్రోచ్చారణ మిన్నంటింది. ఎర్ర కారు రాతిగోడ వైపు దూసుకుపోయింది! నూరు గజాలు... యాభై... ఆమె కళ్ళు భీతితో తెరుచుకున్నాయి. కుడిపాదం లేచింది. బూడిద వలయంలో నిలబడిన మాస్టారు కూడా తన కుడికాలితో నేలను తొక్కబోయారు. కాలు కదల్లేదు.

ఆమె తొక్కింది!

టైర్లు అరిచాయి. కారు దారి మధ్యలోనే పాతేసినట్టు ఆగిపోయింది.

మంత్రం తెగిపోయింది. వాడు ఆక్సిలరేటరును తొక్కిపట్టాడు. ఇంజను రొద చేసింది గాని బండి అంగుళం కదల్లేదు. మొట్టమొదటిసారి వాడి తల మెల్లగా ఎడమవైపు తిరిగింది. ఆమె పాదం... ఆ పాదం మీద ముడతలు పడ్డ ముసలి పాదం... దాని మీద పట్టీల పాదం... అన్నిటికన్నా పైన అరచేయంత చిట్టిపాదం!

కపాలం దవడల మధ్యనున్న కాగితం భగ్గున అంటుకుంది. ఎడమ సీటుకు అధికారం లేదన్న అక్షరాలు ముందుగా కాలిపోయాయి. అధికారం చేతులు మారింది. ఏ మనిషికి బండి మీద పట్టులేదో ఆ మనిషే బలి కావాలన్నది వాడు రాసుకున్న శాసనం. ఇప్పుడు పట్టులేనిది ఎవరికి?

కారు తనంతట తానే వెనక్కి జరిగింది. మొదలుపెట్టిన చోటు దాకా వెళ్ళి ఆగింది. తరువాత... పిడుగులా ముందుకు లంఘించింది! వాడు స్టీరింగు తిప్పాడు, తిరగలేదు. తలుపు లాగాడు, రాలేదు. కుడికాలితో బ్రేకు తొక్కాడు. ఆ పెడలు వట్టి నేల దాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు... మళ్ళీ... ఎదురుగా రాతిగోడ పెరిగిపోతోంది.

"ఆపు!" అని అరిచాడు వాడు. "ఆపండి!"

తొమ్మిది పాదాలు కలిసి బ్రేకు తొక్కాయి. గోడకు గోరంత దూరంలో కారు ఆగింది. గీత కూడా పడలేదు.

మాస్టారి చుట్టూ బూడిద గాలికి ఎగిరిపోయింది. ఆయన పరుగెత్తారు. కుడి సీటులో ఎర్రగుడ్డ చుట్టుకుని, నోరు తెరిచి, ఎనభయ్యేళ్ళు దాటిన ముసలి శవం ఉంది. కుడికాలు ఇంకా పెడలు మీద బిగిసే ఉంది. స్టీరింగు ముందు కపాలం రెండు చెక్కలైంది. ఆ చీలికలోంచి వెచ్చటి గాలి ఒకటి వీచి, ఎవరో ఒకరి వెనక ఒకరు దిగిపోతున్నట్టు ఎడమ తలుపు మీదుగా సాగిపోయింది. చివరిది మాత్రం ఒక్క క్షణం ఆగి, మాస్టారి చిటికెనవేలు పట్టుకుని వదిలింది. ఆయన అక్కడే వెక్కివెక్కి ఏడ్చారు.

ఆమె తనంతట తానే కిందికి దిగింది. కుంటుతూ నాలుగడుగులు వేసిందో లేదో, వెనక మెరుపు దిగి ఎర్ర కారు ఆసాంతం అంటుకుంది. ఇద్దరూ దూరంగా నిలబడి చూశారు. గేటు మీది గుడ్లగూబ ఎప్పుడు ఎగిరిపోయిందో వాళ్ళు చూడలేదు.

"ఏమండీ," అంది ఆమె, తన గొంతుతోనే.

"చెప్పు."

"ఈసారి నాలుగు సీట్లది కొందాం. నాలుగింటికీ బ్రేకు పెట్టండి."

మాస్టారు తల ఊపారు. ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుని, కుడికాలి నొప్పికి తగ్గట్టు నెమ్మదిగా, ఇంటిదాకా నడిపించుకు వెళ్ళారు.