పాలు కారని కాడ

పార్కు వెనక గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు ఏరుకుంటున్న పద్నాలుగు మందిని చూసి ఆమెకు నవ్వొచ్చింది. అంగట్లో కూరలు దొరకనట్టు, కుక్కలు తిరిగే చోట కలుపు కోసుకుని, కోసిన ప్రతి ఆకుకూ ఫొటో తీస్తున్నారు. వీళ్ళకో గురువు. వారమంతా పంక్చర్లు వేసే సైకిల్ మెకానిక్, ఆదివారం పొద్దుటికి ఆకుల మాస్టారు.

ఆమె కాలేజీ బోటనీ విభాగంలో ఎండిన మొక్కలను అట్టలకు అంటించి పేర్లు రాస్తుంది. ఈ ఏరుకోవడంలో ప్రమాదమేమైనా ఉందేమో చూసి చెప్పమని పార్కు ఆఫీసు పంపింది. తప్పు పట్టాలని ముందే తీర్మానించుకుని వచ్చింది. ఆ సంగతి తనకు కూడా చెప్పుకోలేదు.

నేలకు అంటుకుని పాకిన ఎర్రకాడ మొక్కను చూపించి, అతను గంగవాయిలి కూర అన్నాడు.

"అది పాలమొక్క. తింటే కడుపు మండిపోతుంది. బుట్టలు బోర్లించండి," అంది.

"విరిచి చూశారా అండీ?"

"ఇరవై అట్టలు అంటించాను. విరవక్కర్లేదు."

బుట్టలు బోర్లాపడ్డాయి. నిన్నటిదాకా గురువన్నవాళ్ళు అతనివైపు చూడకుండా కొళాయి దగ్గరకు పరుగెత్తారు. అతను కింద పడ్డ కాడ ఒకటి తీసి ఆమె ముందు విరిచాడు. నీటిబొట్టు నిలిచింది.

"పాలు కారితే ముట్టకూడదు. ఇది కూరే."

ఎండిన మొక్కలో పాలుండవు, నీళ్ళూ ఉండవు. ఆరేళ్ళ ఉద్యోగంలో బతికున్న కాడ ఒక్కటీ విరవలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఇది అందరిముందూ చూపించొచ్చుగా?"

"నలుగురిలో మీ మాట కొట్టెయ్యబుద్ధి కాలేదు. మీరు మళ్ళీ రారేమోనని."

మహాత్ముడు, అనుకుంది కసిగా.

ఆమె మాట విని ఆఫీసు ఆ ఆదివారపు ఆకుల నడకలను ఆపేసింది. ఆమె ఒక్క ఉత్తరం రాస్తే మళ్ళీ మొదలవుతాయి. రాయలేదు. ఆకుల పిచ్చోళ్ళకు అదే మంచిదని సర్దిచెప్పుకుంది. కానీ సాయంత్రాలు కాళ్ళు అతని షాపున్న వీధిలోకే తిరిగేవి. సైకిలు లేని మనిషికి అక్కడేం పని? గొలుసుకు నూనె వేస్తూ అతను తలెత్తేవాడు, మళ్ళీ దించుకునేవాడు. అడగడు, నిష్ఠూరమాడడు. మన తప్పు చాటినవాణ్ణి ద్వేషించి ఊరుకోవచ్చు. దాచినవాణ్ణి ఏం చెయ్యాలి? ఇన్నాళ్ళూ తను వెక్కిరించింది అతన్ని కాదనీ, ఎక్కడ తప్పుతానోనన్న తన భయాన్ననీ తెలిసేసరికి పదిహేను రోజులు పట్టింది. పైగా తెలివైనదాన్నన్న పేరొకటి!

ఆ రోజే ఆఫీసుకు రాసింది: పొరపాటు నాది, ఆయన చెప్పిందే నిజం. జాబితా అడిగి తీసుకుని పద్నాలుగు మందికీ తనే ఫోన్ చేసింది. కొందరు విసుక్కున్నారు, ఒకాయన క్లాసు పీకాడు. ఆఖరున ఒక పెద్దావిడ తీసింది.

అంతా విని, "ఇంత శ్రమ ఎందుకమ్మా? ఆఫీసుకు ఉత్తరం రాశావుగా, చాలదూ?" అంది.

"చాలదండీ."

"ఆ అబ్బాయంటే ఇష్టమా?"

ముఖం కూడా గుర్తులేని మనిషికి నిజం చెప్పడం సులువు. "అవునండీ," అంది.

"నేను వాడి పెద్దమ్మనే. నాకిష్టమే తల్లీ. పక్కనే ఉండి ఫోన్ లాక్కుంటున్నాడు, ఇదిగో."

ఫోన్ చేతులు మారింది. అతను, "నాకు తప్ప అందరికీ చేశారట," అన్నాడు.

"మీతో ఫోన్లో చెప్పేది కాదు. షాపు ఎప్పుడు మూస్తారు?"

"మీరొచ్చి వెళ్ళాక."

ఎంత చవకబారు డైలాగు, అనుకుంది. ఎన్నాళ్ళుగా బట్టీ పడుతున్నాడో. అలా అతన్ని తిట్టుకుంటూనే, మంచం కింద రెండో చెప్పు కోసం వెతుకుతోంది.